భూమి కింద యుద్ధం... భూమి మీద శిక్ష!

కొత్తవలసలో అరకు రైలెక్కిన పిల్లలు శివలింగపురం దాటాక ఇక కిటికీ వదలరు. సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీ అంతా ఒకటే కేక. ఆ చీకట్లో నాలుగు క్షణాలు గడిపి వెలుగులోకి వచ్చేసరికి ఏదో సాధించినంత సంబరం. కొత్తవలస-కిరండూల్ మార్గంలో అలాంటి సొరంగాలు యాభైకి పైనే ఉన్నాయి. వాటిని తవ్వినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. కూలికొచ్చారు, కొండ తొలిచారు, వెళ్లిపోయారు.

అదే పని యుద్ధంలో చేయాల్సి వస్తే? కొండ కాకుండా శత్రువు నిల్చున్న నేలనే తొలవాల్సి వస్తే? మొదటి ప్రపంచయుద్ధంలో అచ్చంగా అందుకోసమే వేలమందిని సైన్యంలోకి తీసుకున్నారు. వాళ్లను సైన్యం నెత్తిన పెట్టుకుంది. వాళ్లతో తల పట్టుకుంది కూడా. ఆ కథకు మొదలు మాత్రం మన భారత సిపాయిల కాళ్ల కిందే!

అది 1914 డిసెంబరు 20. ఫ్రాన్స్‌లో గివెన్షీ అనే పల్లె దగ్గర కందకాల్లో భారత సైన్యానికి చెందిన సర్హింద్ బ్రిగేడ్ కాపలా కాస్తోంది. మోకాలి లోతు బురద, ఎముకలు కొరికే చలి. ఎదురుగా కాస్త దూరంలో జర్మన్లు. ఉన్నట్టుండి నేల పైకి లేచింది. జర్మన్లు తమ కందకాల నుంచి బొరియలు తవ్వుకుంటూ వచ్చి మనవాళ్ల కింద పది చిన్న మందుపాతరలు పెట్టి ఒకేసారి పేల్చేశారు. ఆ వెంటే దాడి చేశారు. బతికినవాళ్లకు ఏం జరిగిందో అర్థమయ్యేలోపే కందకాలు చేజారిపోయాయి.

మందుపాతర అనే మాట మనకు పేపర్లలో చదివి చదివి పాతబడిపోయింది గానీ, అందులోని పాతర అంటే ధాన్యం దాచుకోవడానికి నేలలో తవ్వుకునే గొయ్యి. తిండిగింజల గొయ్యిలోకి మందుగుండు వచ్చి చేరింది!

ఆ దెబ్బతో బ్రిటిష్ సైన్యానికి ఓ విషయం తెలిసొచ్చింది. తుపాకీ పట్టినవాళ్లు లక్షల్లో ఉన్నారు కానీ, చప్పుడు కాకుండా నేల కింద తవ్వగలిగినవాళ్లు చాలినంతమంది లేరు.

మురుగుకాల్వ నుంచి యుద్ధానికి

అలాంటివాళ్లు తన దగ్గరున్నారన్నాడు జాన్ నార్టన్ గ్రిఫిత్స్. ఆయన పార్లమెంటు సభ్యుడు, పెద్ద కాంట్రాక్టరు. మాంచెస్టర్ నగరం కింద ఆయన మనుషులు మురుగు సొరంగాలు తవ్వుతున్నారు. అక్కడిదంతా బంకమన్ను. గునపంతో కొడితే చప్పుడే గానీ మన్ను రాదు. అందుకని వాళ్లు వేరే పద్ధతి పట్టారు. ఓ చెక్క దిమ్మకు వీపు ఆనించి ఏటవాలుగా వెల్లకిలా పడుకుంటారు. కాళ్లు మట్టిగోడ వైపు ఉంటాయి. సన్నటి పారను రెండు పాదాలతో తన్ని మన్నులోకి దింపుతారు. పెళ్ల ఊడివస్తుంది. పక్కవాడు దాన్ని చేత్తో అందుకుని సంచిలో వేస్తాడు. మూడోవాడు ఆ సంచిని చిన్న బండిమీద వెనక్కి లాగుతాడు. అంతా అయ్యాక పిల్లి నడిచినంత చప్పుడు కూడా ఉండదు.

యుద్ధ మంత్రి కిచెనర్ ముందు గ్రిఫిత్స్ ఈ పద్ధతిని ఎలా చూపించాడో తెలుసా? పొయ్యి దగ్గరున్న బొగ్గుపార అందుకుని, సూటూ బూటూతోనే ఆఫీసు గదిలో నేలమీద వెల్లకిలా పడుకుని తన్ని చూపించాడట. కిచెనర్ వెంటనే పదివేలమంది కావాలన్నాడట.

1915 ఫిబ్రవరిలో మాంచెస్టర్ పని ఆగింది. అక్కడి కూలీల్లో 18 మంది మర్నాటికల్లా సైనికులైపోయారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఫ్రాన్స్‌లో భూమికింద ఉన్నారు. అదీ ఎక్కడనుకున్నారు... మన సిపాయిలు పేలిపోయిన ఆ గివెన్షీలోనే.

వాళ్లకు కవాతు రాదు, సెల్యూట్ రాదు. తుపాకీ ఎలా పట్టుకోవాలో చెప్పే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. మామూలుగా ఓ సైనికుణ్ని తయారుచేయడానికి పట్టే నెలలన్నీ వీళ్ల విషయంలో ఒక్క రైలు ప్రయాణంలో తేలిపోయాయి. తర్వాత వచ్చిన తలనొప్పులకు బీజం ఇక్కడే పడింది.

కూలి లెక్క

ఇంట్లో ఎవరైనా పట్టాళానికి వెళితే మొదట అడిగేది జీతం సంగతే. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో సైన్యం ఎంపికలు జరిగినప్పుడల్లా, గేటు బయట చెట్టుకింద కూర్చున్న నాన్నల మాటల్లో అదే ఉంటుంది. ఈ సొరంగాలవాళ్లకూ అదే ముఖ్యం.

పదాతిదళంలో మామూలు బ్రిటిష్ సైనికుడి మూల జీతం అప్పట్లో రోజుకు ఒక షిల్లింగు. సొరంగం తవ్వేవాడికి ఆరు షిల్లింగులు! అతనికి సాయంగా ఉండేవాడికి మాత్రం రెండు షిల్లింగుల రెండు పెన్నీలు. పక్కనే కందకంలో ఉన్న భారత సిపాయికి నెలకు 11 రూపాయలు. ఆ రోజుల్లో రూపాయంటే ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు. ఆ లెక్కన మన సిపాయి నెలంతా చావుకెదురుగా నిల్చుని సంపాదించిన డబ్బు సొరంగం తవ్వేవాడికి రెండున్నర రోజుల కూలి. ఒకే బురదలో, ఒకే శత్రువు ముందు!

అయితే వాళ్లేమైనా సుఖపడ్డారా అంటే అదీ లేదు. ఆరు షిల్లింగులని విని చేరినవాళ్లలో అందరికీ ఆరూ దక్కలేదు. నువ్వు తవ్వేవాడివి కాదు, సాయం చేసేవాడివి అని పట్టీలో రాస్తే రెండు షిల్లింగుల చిల్లరతో సరి. కిందకు దిగితే మాత్రం ఇద్దరిదీ ఒకటే చావు. మేస్త్రీ ఊళ్లో చెప్పిన కూలి ఒకటి, పనిలోకి దిగాక చేతికొచ్చేది ఇంకొకటి... వలస వెళ్లొచ్చిన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ ముక్క ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మనవాళ్లయితే మేస్త్రీతో గొడవ పెట్టుకుంటారు, కాదంటే మూట సర్దుకుని రైలెక్కేస్తారు. సైన్యంలో గొడవ పెట్టుకుంటే ధిక్కారం. మూట సర్దుకుంటే పరారీ!

చీకట్లో ఏముండేది?

నాలుగడుగుల ఎత్తు, అంతకన్నా తక్కువ వెడల్పు, కొవ్వొత్తి వెలుగు. మాటలు సైగలతోనే. ఎందుకంటే అవతలివైపు నుంచి జర్మన్లూ తవ్వుకుంటూ వస్తున్నారు. గోడకు వినికిడి యంత్రం ఆనించి, రెండు చెవులకూ గొట్టాలు పెట్టుకుని గంటల తరబడి వినడమే కొందరి పని. టకటకమని తవ్వుతున్న చప్పుడు వినిపిస్తే ఫర్వాలేదు, ఇంకా తవ్వుతున్నారు. చప్పుడు ఆగిందో... మందు కూరుతున్నారన్నమాట. అప్పుడిక ఎవరు ముందు పేలిస్తే వాళ్లు బతుకుతారు.

పేలుడు తప్పించుకున్నా విషవాయువు వదలదు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. మనవైపు పాడుబడ్డ నూతిలో దిగేముందు దీపం వెలిగించి తాడుతో దించి చూస్తారు. దీపం ఆరితే దిగరు. అయితే ఈ వాయువు దీపానికి కూడా దొరకదు. అందుకని వాళ్లు పంజరాల్లో కెనరీ పిట్టల్ని తీసుకెళ్లేవారు. పిట్ట తూలి పడిపోతే మనిషి పరిగెత్తాలి. పాకుతూ వచ్చిన దారిలో పరుగెలా తీస్తాడన్నది వేరే సంగతి.

1916 నడిమికి ఇలా పనిచేసే శిక్షితులు సుమారు 25 వేలమంది అయ్యారు. ఇంగ్లిషువాళ్లు వీళ్లను చుంచెలుకలతో పోల్చేవారు. మనమైతే పందికొక్కులు అనుండేవాళ్లం. ఇంగ్లిషులోని బాండికూట్ అనే మాట ఆ పందికొక్కు నుంచి వెళ్లిందే!

సెల్యూట్ కొట్టనివాళ్లు

గనిలో ఫోర్‌మన్‌ని పేరుపెట్టి పిలవడం అలవాటు. పని అయ్యాక మందు తాగడం అలవాటు. కూలి తగ్గిస్తే పార కింద పడేయడం అలవాటు. ఈ మూడు అలవాట్లతో సైన్యంలోకి వచ్చినవాణ్ని ఏంచేయాలి? కింద ఉన్నంతసేపూ గొడవ ఉండేది కాదు. వాళ్లమీద ఉండే అధికారులు కూడా చాలామంది గనుల ఇంజినీర్లే. చిక్కంతా పైకొచ్చాక. బొత్తాం పెట్టుకోలేదనీ, ఎదురు మాట్లాడాడనీ, సారాకొట్టులో పడి ఉన్నాడనీ, సెలవు మీరి రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడనీ.

న్యూజిలాండ్ సొరంగాల కంపెనీ సంగతి చూడండి. 1915 డిసెంబరులో ఓడెక్కి, 1916 మార్చికి ఫ్రాన్స్ చేరారు. పశ్చిమ రణరంగంలో కాలుపెట్టిన మొదటి న్యూజిలాండ్ దళం వాళ్లదే. బంగారు గనుల్లో, బొగ్గు గనుల్లో, ప్రభుత్వ పనుల్లో కండలు కరిగించినవాళ్లు. వాయిహీ బంగారు గనుల్లో 1912లో ఆరు నెలలు సమ్మె జరిగింది. పోలీసులతో జరిగిన ఘర్షణలో ఓ కార్మికుడు చనిపోయాడు. అలాంటి గనుల గాలి పీల్చినవాళ్లు అధికారి అన్నంతమాత్రాన వంగి దండం పెడతారా?

ఆరాస్ పట్టణం కింద వందల ఏళ్ల నాటి సుద్దరాతి గనులుండేవి. ఒకదానితో ఒకటికి సంబంధం లేని పెద్ద పెద్ద గుహలు. వీళ్లు వాటిని సొరంగాలతో కలిపారు. చీకట్లో దారి తప్పకుండా వాటికి తమ ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు... వెల్లింగ్టన్, నెల్సన్, క్రైస్ట్‌చర్చ్, డునెడిన్ అంటూ. దీపాలు, వంటశాలలు, నీళ్ల కుళాయిలు, ఆసుపత్రి, అన్నీ భూమి కిందే. ఇరవై వేలమందికి పైగా సైనికుల్ని అందులో దాచవచ్చు. 1917 ఏప్రిల్ 9 తెల్లవారుజామున మంచు కురుస్తుండగా ఆ సైనికులు నేరుగా జర్మన్ల ముందు నేలలోంచి లేచారు. ఆరాస్‌లో ఈ కంపెనీ 41 మందిని పోగొట్టుకుంది. 2008లో ఆ వెల్లింగ్టన్ గుహను మ్యూజియం చేసి తెరిచారు.

ఆనాటి న్యూజిలాండ్ సైనికుల కాగితాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ప్రతివాడికీ ఓ ఫైలు. అందులో ఎత్తు, బరువు, పళ్లు ఎన్ని ఊడాయి, ఎక్కడ గాయమైంది... వాటితోపాటు నడవడిక కాగితం ఒకటి. తప్పు ఫలానా, శిక్ష ఫలానా, ఇన్ని రోజుల జీతం కోత. గుహ తవ్వినందుకు మాత్రం ఆ కాగితంలో గడి లేదు.

చక్రానికి కట్టి...

జీతం కోత చిన్న శిక్ష. దానిపైన ఇంకోటుండేది. పేరు ఒకటో నంబరు ఫీల్డ్ శిక్ష. మనిషిని బండిచక్రానికో గుంజకో రోజుకు రెండేసి గంటలు కట్టేసి నిలబెట్టడం. వచ్చేపోయేవాళ్లంతా చూస్తుంటారు. రాత్రంతా ఊపిరి బిగబట్టి మందు కూరి వచ్చినవాడు, మర్నాడు తాగి తూలినందుకు అలా నిలబడాల్సిందే. పైఅధికారి ఒక్కడే 28 రోజుల వరకూ వేయొచ్చు. సైనిక కోర్టయితే 90 రోజుల వరకూ. 1923లో గానీ దీన్ని రద్దు చేయలేదు.

అంతకన్నా పెద్దది తుపాకీ గుండు. పరారీకీ పిరికితనానికీ అలాంటి ఇతర సైనిక నేరాలకూ కాల్చి చంపిన 306 మంది సైనికులకు 2006లో బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించింది. తొంభై ఏళ్ల తర్వాత! న్యూజిలాండ్ తమవాళ్లు అయిదుగురికి 2000లోనే చట్టం చేసి ఆ పని పూర్తిచేసింది.

మరి మన సిపాయిలకు? కొరడా. తెల్ల సైనికుడికి 1881లోనే తప్పిన కొరడా దెబ్బలు, భారత సిపాయికి 1920 దాకా చట్టంలో ఉండిపోయాయి. జీతంలో తేడా ఎలాగూ ఉంది, శిక్షలోనూ తేడాయే.

ధిక్కారం మాటకొస్తే మన విశాఖకు అంతకన్నా పాత కథ ఉంది. 1780. ఈస్టిండియా కంపెనీకి హైదర్ అలీతో యుద్ధం నడుస్తోంది. సెప్టెంబరు 30న కంపెనీ మద్రాసులో రెండు పయనీర్ల దళాల్ని కొత్తగా పెట్టింది. దారులు వేయడం, కందకాలు తవ్వడం, కోటగోడల కిందికి తొలుచుకుపోవడం వాళ్ల పని. సరిగ్గా మూడు రోజులకు, అక్టోబరు 3న, అదే యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమని విశాఖపట్నంలోని సర్కారు సిపాయిలకు హుకుం వచ్చింది. వాళ్లు ఎక్కం అన్నారు. ఎదురుతిరిగారు. కాల్పుల్లో ఇంగ్లిషువాళ్లు చనిపోయారు. వాళ్ల స్మారకం విశాఖ పాత ఊళ్లోని యూరోపియన్ల శ్మశానంలో ఉంది. 1857 కన్నా 77 ఏళ్ల ముందు సంగతి ఇది. ఉప్పునీళ్ల మీద పంపుతారని ముందే అనుకుని చేరారో లేదో, చేరేటప్పుడు ఎవరైనా అడిగారో లేదో!

ఆ పయనీర్ల దళమే 1831లో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అయింది. ఇక్కడ మైనర్ అంటే మన సినిమాల్లోని సిల్కు లాల్చీ మైనరుబాబు కాదు, గని తవ్వేవాడు. సాపర్ అంటే కందకాలు తవ్వేవాడు. ఇప్పుడది బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్. తెలుగు కుర్రాళ్లు ఇప్పటికీ అందులో చేరుతూనే ఉన్నారు.

ఆవు చచ్చింది!

తవ్వకాలన్నిటిలోకీ పెద్దది బెల్జియంలోని మెసీన్ దగ్గర జరిగింది. నెలల తరబడి నీలి బంకమన్నును తవ్వి, విమానాల కంట పడకుండా ఆ మన్నును దాచిపెట్టి, జర్మన్ల కింద పాతరలు కూరారు. 1917 జూన్ 7 తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకు 19 పాతరలు వరసగా పేలాయి. ఆ గోతుల్లో కొన్ని ఇప్పుడు చెరువులు. పేలకుండా ఉండిపోయినవాటిలో ఒకటి 1955లో పిడుగుపడి పేలింది. మనుషులకేం కాలేదు, ఓ ఆవు చనిపోయింది. ఇంకా కొన్ని ఆ పొలాల కింద అలాగే ఉన్నాయి. పైన దుక్కి దున్నుకుంటున్నారు.

వీళ్లందర్నీ పోగుచేసిన గ్రిఫిత్స్ యుద్ధం తర్వాత మళ్లీ కాంట్రాక్టులకే వెళ్లాడు. ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ ఎత్తు పెంచే పని తీసుకున్నాడు. ప్రభుత్వంతో ఒప్పందం దగ్గర పేచీ వచ్చింది. 1930లో అలెగ్జాండ్రియా తీరంలో పడవలో తుపాకీ గుండు తగిలి చనిపోయి కనిపించాడు.

రానన్నవాడు

ఇక విలియం హాకెట్. వయసు 42. ఇరవై మూడేళ్లు బొగ్గు గనుల్లో పనిచేశాడు. సైన్యంలో చేరతానని మూడుసార్లు వెళితే వయసైపోయిందని మూడుసార్లూ పంపేశారు. సొరంగాలవాళ్లు కావాల్సి వచ్చాక, 1915 అక్టోబరులో అదే మనిషిని తీసుకున్నారు. రెండు వారాల శిక్షణ, అంతే. తండ్రి ఫ్రాన్స్‌లో తవ్వుతుండగా ఇంటిదగ్గర కొడుకు బొగ్గుగని ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు.

1916 జూన్ 22, తెల్లవారుజాము. మళ్లీ గివెన్షీయే. హాకెట్, మరో నలుగురు భూమికి నలభై అడుగుల కింద తవ్వుతున్నారు. జర్మన్లు పెద్ద పాతర పేల్చారు. దిగివచ్చిన బావి కూలిపోయింది. అయిదుగురూ లోపల ఇరుక్కుపోయారు. పైనున్నవాళ్లు ఇరవై గంటలు తవ్వి చిన్న కంత చేశారు. హాకెట్ ముగ్గుర్ని దానిలోంచి బయటకు పంపించాడు. నాలుగోవాడు థామస్ కాలిన్స్, స్వాన్సీ కుర్రాడు, 22 ఏళ్లు. ఒళ్లంతా దెబ్బలు, కదల్లేడు. హాకెట్‌ను రమ్మన్నారు. తాను సొరంగం పనివాణ్ననీ, ముందు తోటివాళ్లను చూసుకోవాలనీ చెప్పి రానన్నాడు. పైన గుండ్లు పడుతున్నాయి. కంత కొంచెం కొంచెంగా పూడిపోతోంది. ఇంకోసారి పిలిచారు. రానన్నాడు. సొరంగం కూలిపోయింది. నాలుగు రోజులు తవ్వినా వాళ్లను చేరుకోలేకపోయారు.

హాకెట్‌కు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ యుద్ధంలో సొరంగం పనివాడు ఆ పతకం అందుకోవడం అదొక్కసారే. భార్య ఆలిస్ వెళ్లి తీసుకుంది.

శవాలు దొరకని సైనికుల పేర్లు స్మారకాల మీద చెక్కారు. హాకెట్ పేరు బెల్జియంలోని ప్లోగ్‌స్టీర్ట్‌లో ఉంది. కాలిన్స్ పేరు ఫ్రాన్స్‌లోని తీప్‌వాల్‌లో ఉంది. దళాలు వేరు కాబట్టి పేర్లూ వేరువేరు చోట్ల పడ్డాయి. 2010 జూన్‌లో గివెన్షీలో సొరంగాలవాళ్లకు ఓ రాతి స్మారకం కట్టారు. ఆ దగ్గర్లోనే, నలభై అడుగుల కింద, ఇద్దరూ ఇంకా ఒక్కచోటే ఉన్నారు.